ఎర్రకనుమకు అటూ ఇటూ

తక్‌మర్
జూన్ 26, 2005

చెల్లి చుస్కిత్‌కి, అక్క కుంజెస్ జూలే చెబుతోంది.

ఎర్రకనుమ మీద మంచు కరిగింది. ఈ ఏడు అందరికంటే ముందు దాటుతున్నది ఓ ముసలి ఫ్రెంచి జంట. వాళ్లని నడిపించుకొచ్చిన గైడు జిగ్మెత్ లేహ్ వాడు, నమ్మకస్తుడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. దాంతోపాటు ఎండు ఆప్రికాట్లు ఓ సంచి. మీ వైపు చెట్టన్నది మొలవదు కదా, పిల్లలకి పెట్టు.

ఇక్కడ మేడ మీద గాజుగది పూర్తయింది. మూడు వైపులా అద్దాలే. మధ్యాహ్నం లోపల కూర్చుంటే చలికాలం అనేదొకటి ఉందని కూడా గుర్తుండదు. పరుపులు వేశాం, కొత్త తివాచీ పరిచాం. కొండలెక్కడానికి వచ్చే విదేశీయులు ఊళ్లో మిగతా ఇళ్లన్నీ దాటుకుని మన గుమ్మం దగ్గరే ఆగుతున్నారు. పక్కింటివాళ్లు కుళ్లుకుంటున్నారు, కుళ్లుకోనీ.

వీళ్లు నీ దగ్గరికి వస్తే కంగారు పడకు. వాళ్ల గుడారాలు వాళ్లకున్నాయి. మీ కళ్లం పక్కన కాస్త చోటు చూపించి వేడిగా టీ పోస్తే చాలు. మన ఇంట్లో తిని వస్తున్నవాళ్లు, అక్కడ ఏదో ఉంటుందని ఆశ పెట్టుకోరు.

అమ్మ బాగానే ఉంది. మోకాళ్ల నొప్పులు మామూలే. పొద్దున్నించి సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లని చూస్తుంది. నీ ఊసు తెస్తూ ఉంటుంది. మీ బావ త్వరలో గుర్రాలతో అటు వస్తాడు. జవాబు ఆయన చేతికి ఇవ్వు.

నీ మేలు కోరే
అక్క కుంజెస్


షమ్లుంగ్
జూలై 10, 2005

అక్కకి చుస్కిత్ జూలే, జూలే, జూలే.

ఆప్రికాట్లు ముట్టాయి. పిల్లలు గింజలు కూడా పగలగొట్టుకుని తిన్నారు.

నువ్వు చెప్పినట్టే ఆ ముసలివాళ్లకి కళ్లం చూపించాను. ఆవిడ అటు చూడనైనా చూడలేదు. తల వంచుకుని తిన్నగా వంటింట్లోకి దూరి నా పక్కన చతికిలబడింది. నేను రొట్టెలు కాలుస్తున్నాను. ఒకటి తీసి, మధ్యలో చిదిమి, అప్పుడే తీసిన వెన్న పెట్టి చేతికిచ్చాను. తింటూ తింటూ ఏడ్చింది. నాకు భయమేసి జిగ్మెత్‌ని అడిగితే, "ఏం లేదక్కా, వాళ్ల నాయనమ్మ పొయ్యి గుర్తొచ్చిందట" అన్నాడు. ఒక్క పూట ఉండి పోదామనుకున్నవాళ్లు మూడు రాత్రులు ఉన్నారు. వెళ్లేటప్పుడు తన తలమీది ఎర్ర ఉన్నిటోపీ తీసి నా తలకి పెట్టింది. ఇప్పుడూ అదే పెట్టుకుని రాస్తున్నాను.

మీ గాజుగది ఎలా ఉందని అడిగాను. ఎండకి లోపల ఉడికిపోయారట. చలికాలంలో అయితే హాయిగా ఉండునేమో. చలికాలంలో నడిచేవాళ్లు రారు, అదొక్కటే చిక్కు.

బావ వచ్చాడు. ఎన్ని రొట్టెలు తిన్నాడో నేను చెప్పను. "అతిథులకి వండి వండి మీ అక్క మాకు గిన్నె అడుగు గీకి పెడుతోంది" అని నవ్వాడు. మనిషి నలిగిపోయాడు అక్కా. మేజోళ్లు చిరిగి మడమలు బయటికొచ్చాయి. నేను అల్లిన జత తొడిగి పంపుతున్నాను.

ఊరికే ఆటపట్టిస్తున్నానులే. అమ్మని అడిగానని చెప్పు. ఆవిడ మెట్ల మీద కూర్చున్నట్టు నా కళ్ల ముందు కనబడుతోంది.

మీ అల్లరి
చుస్కిత్


తక్‌మర్
జూలై 29, 2005

చుస్కిత్‌కి,

నాకేం కోపం రాలేదు. పనుల్లో పడి ఉత్తరం ఆలస్యమైంది, అంతే.

మీ వైపు నుంచి కనుమ దాటి నలుగురు జర్మన్లు వచ్చారు. గుమ్మంలో అడుగుపెడుతూనే "చుస్కిత్, చుస్కిత్" అంటున్నారు. నన్ను చూసి నువ్వనుకున్నారు కాబోలని, "నేను చుస్కిత్‌ని కాదు, వాళ్లక్కని" అన్నాను. అప్పుడు మరీ సంబరపడిపోయారు. నా పొయ్యి ముందు కూర్చుని, నా చేతి రొట్టె తింటూ, వాళ్లలో వాళ్లు ఏదో అనుకున్నారు. "ఏమంటున్నారయ్యా" అని గైడుని అడిగాను. నీళ్లు నమిలాడు. గట్టిగా అడిగితే, "అక్కడిది ఇంకాస్త మెత్తగా ఉందట" అన్నాడు.

ఆ రొట్టె అమ్మది. అమ్మ దగ్గర ముందు నేర్చుకున్నది నేను. అప్పుడు నువ్వు పిండితో బొమ్మలు చేసి మేకలకి తినిపించేదానివి. పోనీ అమ్మయినా ఆ మాట చెప్పిందా అంటే, అతిథులందరి ముందూ, "చుస్కిత్ చెయ్యి అలాంటిది. పిండి దాని మాట వింటుంది" అంది. ఇన్నేళ్లుగా ఆవిడకి పొద్దున్నే ఉప్పు, వెన్న వేసి టీ చిలికి ఇస్తున్న చెయ్యి ఎవరిదో మరి.

మేజోళ్ల సంగతి. నా మొగుడి కాళ్లకి ఏం తొడగాలో నేను చూసుకోగలను. ఆ జత తిరిగి పంపుతున్నాను. ఒక్కసారే తొడిగాడు, ఉతికాను.

అమ్మకి ఇంకో పిచ్చి పట్టింది. వచ్చిన ప్రతి గుర్రాలవాడినీ, "నన్ను కనుమ దాటిస్తావా నాయనా" అని అడుగుతోంది. ఈ ఊళ్లో పుట్టి పెరిగి నేనే ఇంతవరకూ దాటలేదు, ఆ మోకాళ్లతో ఆవిడ దాటుతుందట. ఎవరి రొట్టె కోసమో వేరే చెప్పాలా.

కుంజెస్


షమ్లుంగ్
ఆగస్టు 15, 2005

అక్కా,

మేజోళ్లు వచ్చాయి. మా ఆయన గ్యల్సన్ తొడుక్కున్నాడు. బావ కాళ్ల కొలతకి అల్లినవి కదా, ఈయనకి వదులు. అయినా తొడుక్కుని తిరుగుతున్నాడు.

నువ్వు రాసింది ఉత్తరంలా లేదు, దూరంగా నిలబడి రాళ్లు రువ్వినట్టుంది. కాబట్టి నేనూ మనసులో ఉన్నది రాస్తాను. మనకి అన్నదమ్ముల్లేరు, ఇల్లు పెద్దకూతురికే. బావ ఇల్లరికం వచ్చాడు. అది మన ఊరి పద్ధతి, నేనేమీ అనలేదు. ఇల్లు నీది. నీళ్లు పారే పొలం నీది. రోడ్డు దాకా నడిచిపోగలిగే దారి నీది. పేరక్ నీది. పండగకి ఆ నీలిరాళ్ల తలకట్టు పెట్టుకుని నువ్వు ముందు వరసలో ఆడుతుంటే, వెనకాల గొర్రెతోలు కప్పుకుని నిలబడేదాన్ని నేను. అమ్మ కూడా నీదే. నాకిచ్చింది ఓ రాగి కుండ, కనుమకి ఇవతల ఓ పొగచూరిన ఇల్లు. పెళ్లి గుర్రం మీద ఈ ఊరొచ్చిన రోజు నుంచి నన్ను ఎవరూ పలకరించడానికి రాలేదు. ఇన్నేళ్లకి దారినపోయేవాళ్లు నలుగురు నా రొట్టె బాగుందన్నారు. అదీ నీకే కావాలా?

అమ్మని పంపు అక్కా. జిగ్మెత్ దగ్గర నెమ్మదైన గుర్రాలున్నాయి. ఒక్క నెల. నా పొయ్యి ఎటు తిరిగి ఉంటుందో కూడా ఆవిడ చూడలేదు.

చుస్కిత్


తక్‌మర్
సెప్టెంబరు 12, 2005

చుస్కిత్,

అడిగావు, లాక్కున్నావు.

నిన్న బార్లీ కోతలో ఉండి చీకటి పడేవేళకి ఇల్లు చేరాను. పొయ్యి పక్కన అమ్మ లేదు. మెట్ల మీద లేదు. పక్కింటామె వచ్చి, "జిగ్మెత్ గుర్రమెక్కి వెళ్లిపోయిందిగా, నీకు తెలియదా" అంది. చుస్కిత్‌కి ఒంట్లో బాగాలేదట, రమ్మని కబురు పెట్టిందట. ఆవిడతో అలా చెప్పి వెళ్లింది.

ఎవరి చేత పెట్టావు ఆ కబురు? నీకు నిజంగా జబ్బయితే నాకు చెప్పవా? నేనేమైనా పరాయిదాన్నా? జబ్బు కాకపోతే, ముసలిదాన్ని అలా భయపెట్టి రప్పించుకోవడానికి నీకు మనసెలా ఒప్పింది?

ఇంకా ఉంది. పెట్టె తెరిచి ఉంది. పేరక్ లేదు. నా పెళ్లిలో నా తలకి పెట్టి, పెళ్లయ్యాక తీసి పెట్టెలో పెట్టుకుంది. పండగ రోజుల్లో ఇచ్చేది, మళ్లీ తీసుకునేది. తాళంచెవి ఎప్పుడూ ఆవిడ నడుముకే. అడిగితే "నేను పోయాక నీదే కదే" అనేది. చూడ్డానికని నెలరోజులకి వెళ్లే మనిషి పేరక్ ఎందుకు పట్టుకెళుతుంది, నువ్వు అడిగితే తప్ప? పోయిన ఉత్తరంలో దాని ఊసు ఎందుకెత్తావో ఇప్పుడు తెలిసింది.

మీ బావ "పోనిద్దూ, తల్లీకూతుళ్లే కదా" అంటున్నాడు. ఆయనకేం, ఎక్కడైనా రొట్టె దొరుకుతుంది.

మంచు పడకముందే అమ్మని పంపించెయ్. పేరక్‌నీ పంపించెయ్.

కుంజెస్


షమ్లుంగ్
అక్టోబరు 3, 2005

అక్కకి,

ముందు ఇది చదువు. నాకు జబ్బు లేదు. నేను ఎవరి చేతా కబురు పెట్టలేదు. పేరక్ అడగలేదు.

అమ్మ వచ్చిన తీరు చూస్తే నువ్వు ఇలా రాసేదానివి కాదు. ఎవరో కొరియావాళ్లు ఇచ్చిన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గుర్రం మీద రాణిలా దిగింది. కనుమ పైకి చేరాక గుర్రం దిగి, చివరి మలుపు తన కాళ్ల మీదే నడిచిందట. రాళ్లగుట్ట మీద రాయి పెట్టి, దేవతలదే గెలుపని అరిచిన అరుపుకి అతిథులందరూ చప్పట్లు కొట్టారట. మోకాళ్లు ఏమయ్యాయని అడిగితే, "కొండెక్కితే నొప్పి కింద ఉండిపోతుంది" అంది.

ఇప్పుడు నేనడుగుతాను, నిజం చెప్పు. అతిథుల కోసం అమ్మ పక్క తీసి సామాన్ల గదిలో పడేశావా? "చుస్కిత్ రొట్టె అంత ఇష్టమైతే అక్కడికే పో" అన్నావా? ఆవిడ చెబుతూ కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. గాజుగదిలో అన్ని పరుపులున్నాయి కదా అక్కా.

పేరక్ సంచి తలకింద పెట్టుకుని పడుకుంటోంది. సర్దుదామని ముట్టుకుంటే చేతి మీద కొట్టింది.

మొన్నటి నుంచి మంచు పడుతోంది. గుర్రాలు దాటలేవని గ్యల్సన్ అంటున్నాడు. ఇక వేసవి దాకా అమ్మ ఇక్కడే. నాకు సంతోషంగా లేదని అబద్ధం రాయలేను. ఇద్దరు పోలండు కుర్రాళ్లు మాత్రం చెప్పినా వినకుండా కాలినడకన దాటతామంటున్నారు. ఈ ఉత్తరం వాళ్ల చేతికిస్తున్నాను.

చుస్కిత్


తక్‌మర్
అక్టోబరు 20, 2005

చుస్కిత్‌కి,

ఆ పోలండు కుర్రాళ్లు నవ్వుకుంటూ వచ్చారు. మంచు మోకాలి లోతే అని చేత్తో చూపించారు. మోకాలి లోతు మంచులో గుర్రాలు నడవవా? అమ్మని దగ్గర పెట్టుకోవడానికి నీకు మంచు సాకయిందని నేనన్నాను. మీ బావ వద్దన్నాడు. నేను వినలేదు. "నువ్వు వెళ్లకపోతే నేనే వెళతా" అన్నాను. వెళ్లాడు.

కనుమ కింద మంచుతుఫాను పట్టుకుంది. దారి కనబడక వెనక్కి తిరిగాడు. పెద్ద గుర్రం వాగులోకి జారిపోయింది. దాని మూలుగు చాలాసేపు వినబడిందట, దిగడానికి దారి లేదట. ఇంటికొచ్చాక రెండు చేతివేళ్లు నల్లబడి ఉన్నాయి. ఊడిపోవులే అన్నాడు లామా వైద్యుడు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండును.

సామాన్ల గదిలోకి ఆవిడంతట ఆవిడే మారింది. దాని కిటికీలోంచి అతిథుల గుడారాలు కనిపిస్తాయని. రొట్టె అంత ఇష్టమైతే పొమ్మన్న మాట నిజం. నవ్వుతూ అన్నాను. నవ్వుతూనే అన్నాననుకుంటున్నాను.

మీరిద్దరూ చలి కాచుకుంటూ నా గురించి చెప్పుకుని నవ్వుకోండి. నాకిక్కడ పక్కన కూర్చుని తప్పులెన్నే మనిషి కూడా లేదు.

లేహ్ మీదుగా పంపుతున్నాను. నది గడ్డకట్టాక, దాని మీద నడిచే మీవాళ్లెవరైనా తెస్తారు.

కుంజెస్


షమ్లుంగ్
ఫిబ్రవరి 24, 2006

అక్కకి నీ చుస్కిత్ రాసేది.

నీ ఉత్తరం మంచునది మీద నడిచి నిన్ననే చేరింది. పెద్ద గుర్రం సంగతి చదివి వినిపిస్తే గ్యల్సన్ లేచి బయటికి వెళ్లిపోయాడు. నన్ను పెళ్లికి ఈ ఊరు తెచ్చింది అదే కదా. మా పిల్లగుర్రాన్ని బావకి ఇద్దామంటున్నాడు. వద్దనకు. బావ చేతులెలా ఉన్నాయో రాయి.

ఇప్పుడొకటి చెబుతాను. నవ్వినా నాకు కనబడదు కాబట్టి చెబుతున్నాను.

వచ్చిన కొత్తలో అమ్మ నా రొట్టె లొట్టలేసుకుంటూ తింది. మంచుపడి తలుపులు మూసుకున్నాక మొదలుపెట్టింది. "కుంజెస్ టీలో వెన్న ఇలా పైన తేలదే." "కుంజెస్ పొయ్యికి ఇంత పొగ ఉండదే." మా అత్తగారితో, "మా పెద్దది ఉన్న ఇంట్లో ఎలకైనా పద్ధతిగా తిరుగుతుంది" అంది. ఒకరోజు రొట్టె విరిచి, వాసన చూసి, "బానే ఉంది" అని పక్కన పెట్టింది. బానే ఉందట అక్కా. ఫ్రెంచావిడని ఏడిపించిన రొట్టె బానే ఉందట.

నీ దగ్గరుంటే నా జపం, నా దగ్గరుంటే నీ జపం. నేను కుంజెస్‌లా తివాచీ మడవలేను, కుంజెస్‌లా పిల్లల్ని అదుపులో పెట్టలేను. చలికాలమంతా నువ్వు ఈ ఇంట్లోనే ఉన్నావు, నా పొయ్యి ముందు, నాకంటే ముందు వరసలో. నాకు కడుపు రగిలిపోతోంది. నీకు ఇన్నాళ్లూ ఇలాగే ఉండేదా?

పేరక్ సంగతి కూడా సిగ్గు విడిచి చెబుతాను. కొత్త సంవత్సరం పండగకి నా తలకి పెడుతుందేమోనని తలంటుకుని, నూనె రాసి, జడలు వేసుకుని కూర్చున్నాను. ఆవిడ సంచి విప్పి తన తలకే పెట్టుకుంది. ఊరంతా చూస్తుండగా ముందు వరసలో ఆడింది. మావాళ్లు ఈలలు వేశారు.

వేసవి రాగానే వచ్చి తీసుకెళ్లు. లేదు, ఇంకొన్నాళ్లు ఉండనీ. ఏం రాయాలో నాకే తెలియడం లేదు.

చుస్కిత్


తక్‌మర్
జూన్ 14, 2006

చుస్కిత్,

బావ వేళ్లు నిలిచాయి. అమ్మ కోసం ఈసారి ఆయన ఒక్కణ్ణీ పంపను. నేనే వస్తున్నాను. జిగ్మెత్ మాకంటే ఒక రోజు ముందు నడుస్తాడు, అతనితో ఇది పంపుతున్నాను. నాకోసం ప్రత్యేకంగా ఏమీ వండొద్దు.

కుంజెస్


షమ్లుంగ్
జూలై 8, 2006

అక్కా,

నువ్వు వచ్చావు, ఉన్నావు, అమ్మని తీసుకుని వెళ్లావు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ మనం ఉప్పు ఎంత, పిండి ఎంత అనే తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. నీ ముఖం పచ్చగా పాలిపోయి ఉంటే అలసటనుకున్నాను. రొట్టె తిని ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. మీరు మలుపు తిరిగేదాకా మేడ మీద నిలబడి చూశాను. అమ్మ ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

నిన్న కనుమ దాటి వచ్చిన ఇటలీవాళ్లు చెప్పింది విని నాకు ఒళ్లు మండింది. కనుమకి అటువైపు, మన మేతదొడ్డి దగ్గర గుడారంలో ఓ ముసలమ్మ టీ పోస్తోందట. తలమీద నీలిరాళ్ల తలకట్టు ఉందట. ఇలాంటి ముసలమ్మలు ఎంతమంది ఉంటారు?

ఇంత దూరం వచ్చి తీసుకెళ్లింది ఇందుకా? మేడ మీద గాజుగది, కన్నతల్లికి కొండమీద గుడ్డ గుడారం. పైగా వచ్చేవాళ్లు చూడ్డానికని పేరక్ పెట్టి, బొమ్మలా కూర్చోబెట్టావా? నా దగ్గర ఆవిడకి పొగయినా, కప్పు కింద ఉండేది. నువ్వు సమాధానం రాయకపోతే నేనే వచ్చి తీసుకెళతాను.

చుస్కిత్


తక్‌మర్
జూలై 22, 2006

చుస్కిత్‌కి అక్క కుంజెస్ జూలే.

నీ ఉత్తరం చదివి మీ బావ నవ్విన నవ్వుకి గుర్రాలు బెదిరాయి. నాకు మాత్రం నవ్వు రాలేదు. మొదటి నుంచీ రాస్తాను.

ముఖం పాలిపోయింది అలసటకి కాదు. కొండ ఎత్తుకి తలనొప్పి అనే అతిథులకి వెల్లుల్లి చారు కాచి ఇచ్చి, చాటుకెళ్లి నవ్వుకునేదాన్ని. ఆ రోజు కనుమ మీద రాళ్లగుట్ట పక్కనే కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కాను. ఎవరో జపాను పిల్ల నా వీపు నిమిరింది. కళ్లు తుడుచుకుని మీ వైపు చూశాను. చెట్టు లేదు, పచ్చిక లేదు, ఎక్కడో గుప్పెడు ఇళ్లు. పెళ్లి గుర్రం మీద నువ్వు ఇక్కడికి చేరినప్పుడు దీన్ని చూసి ఏమనుకున్నావో అడగాలనిపించింది. అడుగుదామనే వచ్చాను. మీ ఇంటికొస్తే నీ పొయ్యి చుట్టూ ఊరిజనం, అతిథులు, అమ్మ. అందరూ నీ మాటకి నవ్వుతున్నారు. అంతే. ఉప్పు ఎంత అని అడిగాను.

తిరిగి వచ్చేటప్పుడు కనుమ దిగి మేతదొడ్డి చేరేసరికి, అక్కడ జిగ్మెత్ నిలబడి ఉన్నాడు. పక్కన సైన్యంవాళ్లు పారేసిన పారాచూట్ గుడ్డ, ఓ కిరోసిన్ స్టవ్. కిందటి సెప్టెంబరులో గుర్రమెక్కినప్పుడే ఆవిడ అతనితో మాట్లాడుకుందట.

"తుండుప్, నన్ను దించు" అంది అమ్మ మీ బావతో.

"ఊరు ఇంకా కిందుంది కదమ్మా" అన్నాను.

"ఉంటే ఉండనీ. నేను రావడం లేదు."

"ఇక్కడేం చేస్తావు?"

"మీరిద్దరూ ఏం చేస్తున్నారో అదే. మెట్ల మీద కూర్చుని నీ అతిథులని చూసిచూసి కళ్లు కాయలు కాశాయి. ఒక్కరికైనా నా చేత్తో పొయ్యనిచ్చావా? 'అమ్మా నువ్వు కూర్చో, అమ్మా నువ్వు కూర్చో.' అది నయమనుకుని దాని దగ్గరికి పోతే, అక్కడా అదే పాట. నా రొట్టె కాల్చి మీరిద్దరూ పేరు తెచ్చుకుంటున్నారు. నన్నెవరు అడుగుతున్నారు?"

నేను ఊరుకోలేదు. చుస్కిత్‌కి జబ్బని ఎందుకు చెప్పావంటే, "చెప్పకపోతే పోనిచ్చేదానివా" అంది. దాని దగ్గర నా మీద ఎందుకలా చెప్పావంటే, "చెప్పకపోతే అది చలికాలమంతా ఉంచుకునేదా" అంది. మరి పేరక్ ఎందుకంటే, నన్ను ఎగాదిగా చూసి, "నాది కాదా" అంది. మీ బావ సామాన్లు దించి గుంజలు పాతుతుంటే నేను రాతిమీద కూర్చుని చూశాను. నువ్వూ నేనూ ఇన్నాళ్లూ ఒకరినొకరు తిట్టుకున్నాం. ఆవిడ మనిద్దరి మీదా కుళ్లుకుంటోందని మనకెవరికీ తట్టలేదు.

ఒంటరిగా ఏమీ లేదు. పక్కింటి పెద్దపిల్ల తోడు పడుకుంటోంది. రెండు రోజులకోసారి పాలు, పిడకలు పంపుతున్నాను. బాధంతా ఇది: కనుమ దాటి వచ్చే అతిథులు ఇప్పుడు నా ఇంటికి కడుపు నిండి వస్తున్నారు. వండింది వండినట్టే ఉంటోంది. "అమా, అమా" అంటూ పొట్ట నిమురుకుని, కెమెరాలో ఆవిడ బొమ్మ నాకే చూపిస్తున్నారు. ఇటునుంచి వెళ్లేవాళ్లు నీ దగ్గరికి ఆకలితో వస్తున్నారనుకుంటున్నావా? చూస్తావుగా.

మొన్న వెన్న పట్టుకుని నేనే పైకి వెళ్లాను. గుడారం నిండా జనం. అమ్మ పేరక్ పెట్టుకుని, రెండు చేతులతో కేటిల్ పట్టుకుని వంగి పోస్తోంది. నన్ను చూసి, "కూర్చో, వీళ్లు ముందొచ్చారు" అంది. ఎవరో పొడుగాటివాడికీ, ఎండకి ముక్కు కమిలిపోయిన పిల్లకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. బాగా పొంగిన రొట్టె ఆ పిల్లకిచ్చింది. దానికి అమ్మ ఎవరో తెలియదు, ఊరు తెలియదు, రేపు వెళ్లిపోతుంది. ఆ పిల్ల చేతిలోంచి రొట్టె లాక్కోవాలనిపించింది, నిజం. నా వంతు వచ్చేసరికి అంచు మాడినది మిగిలింది. "నీకు ఇంట్లో ఉందిగా" అంది.

తిన్నాను. చుస్కిత్, అది నా రొట్టె కంటే, నీ రొట్టె కంటే బాగుంది. రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ బాగుంది.

కోతలకి ముందు వచ్చే పున్నమికి నువ్వు అటునుంచి ఎక్కు, నేను ఇటునుంచి వస్తాను. ముందొచ్చినవాళ్లు బయటే ఆగాలి. ఇద్దరం ఒకేసారి లోపలికి వెళ్లి, ఆ తెల్లవాళ్లందరి ముందూ పక్కపక్కన కూర్చుందాం. ఎవరికి ముందు పోస్తుందో చూస్తాను.

నీ
కుంజెస్ అక్క